ఇంట్లో కట్టిన విమానం



మీ ఇంట్లో సైకిలు ఉన్నదా? ఉంటే దానికి గాలి కొట్టడం, గొలుసుకు నూనె వెయ్యడం, ఊడిన గొలుసును మళ్ళీ పళ్ళకు ఎక్కించడం మీకు తెలిసే ఉంటుంది. కాస్త చెయ్యి తిరిగినవాళ్ళయితే పంక్చరు కూడా మీరే వేసుకుంటారు. ఇంతటితో ఊరుకుంటారా? ఊరుకోరు. వెనక క్యారేజి తగిలిస్తారు, ముందు బుట్ట కడతారు, హేండిలుకు రంగు కాగితాలు చుడతారు. ఉన్నదాన్ని బాగుచేసుకోవడం ఒక సరదా అయితే, దాన్ని మార్చుకోవడం అంతకు మించిన సరదా.

సరే, ఒక సంగతి అడుగుతాను. క్యారేజి మీద వడ్లబస్తా వేసుకుని మిట్ట ఎక్కుతున్న సైకిలును ఎప్పుడైనా చూశారా? ముందు చక్రం తేలిపోతూ ఉంటుంది. హేండిలు ఎటు తిప్పినా సైకిలు సరిగా మాట వినదు. సైకిలు కొత్తదే, చక్రాలు గట్టివే, బ్రేకులు మంచివే. మరి ఏం చెడింది? ఏమీ చెడలేదు. వెనక బరువు చేరింది, అంతే. వెనక వేసిన బరువు ముందు చక్రానికి వచ్చి తగిలింది!

ఈ ముక్క జ్ఞాపకం పెట్టుకోండి. ఈ నెల మనం చెప్పుకోబోయేదంతా దీనిలోనే ఉన్నది. అయితే మనం చెప్పుకునేది సైకిలు గురించి కాదు, విమానం గురించి. అదీ పెద్ద కర్మాగారంలో వందలమంది కలిసి తయారుచేసిన విమానం కాదు. ఒక మనిషి తన ఇంటి పక్క కొట్టంలో, తన చేతులతో కట్టుకున్న విమానం.

"ఇంట్లో విమానం కడతారా!" అని నవ్వకండి. ప్రపంచంలో మనిషిని మోసుకుని ఇంజను బలంతో ఎగిరి, చెప్పినట్టు విన్న మొట్టమొదటి విమానం అటువంటిదే. దాన్ని కట్టినవాళ్ళది సైకిళ్ళ దుకాణమే!

సైకిళ్ళ దుకాణంలో

అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో విల్బర్ రైట్, ఓర్విల్ రైట్ అనే అన్నదమ్ములు సైకిళ్ళు తయారుచేసి అమ్మేవారు. వాళ్ళ దుకాణంలో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్ ఆరు వారాలలో వాళ్ళకు ఒక చిన్న ఇంజను చేసిపెట్టాడు. దాని బలం 12 గుర్రాలది. 1903 డిసెంబరు 17వ తేదీన ఆ విమానం మొదటిసారి 12 సెకన్లపాటు ఎగిరి 120 అడుగులు పోయింది. అదే రోజున నాలుగోసారి 59 సెకన్లు ఎగిరి 852 అడుగులు పోయింది.

ఇక్కడితో కథ అయిపోయిందనే చాలామంది అనుకుంటారు. నిజానికి అసలు కష్టం ఆ తరవాతనే మొదలయింది. 1904లో వాళ్ళు కట్టిన రెండో విమానం గాలిలో నిలకడగా ఉండేది కాదు. కెరటాల మీద పడవలాగా ముక్కు పైకి లేచేది, కిందికి దిగేది. అన్నదమ్ములు ఆలోచించి దాని ముందు భాగంలో 70 పౌనుల ఇనుము కట్టారు. ఎగరవలసినదానికి ఇనుము కట్టడమేమిటని చూసేవాళ్ళు నవ్వుకోవచ్చు. కాని విమానం కొంత నిలకడకు వచ్చింది.

1905లో మూడో విమానం కట్టారు. జూలైలో అది ముక్కు కిందికి పెట్టి నేలను కొట్టుకున్నది. ఓర్విల్ అదృష్టం కొద్దీ బతికి బయటపడ్డాడు. అప్పుడు ముక్కును ఎత్తడానికీ దించడానికీ ముందు అమర్చిన చిన్న రెక్కను బాగా పెద్దది చేశారు. దాన్ని ఇంకా ముందుకు జరిపారు. మళ్ళీ ఎగిరి చూశారు. అక్టోబరు 5వ తేదీన అదే విమానం 39 నిమిషాలపాటు గాలిలో ఉండి, తిరిగిన చోటే తిరుగుతూ 24 మైళ్ళు పోయింది!

చూశారా? విమానాన్ని కట్టడం ఒక ఎత్తు, దాన్ని మారుస్తూ మారుస్తూ దారికి తీసుకురావడం ఇంకొక ఎత్తు. రైట్ సోదరులు గుడ్డిగా ఏదీ మార్చలేదు. లెక్క వేశారు, మార్చారు, ఎగిరి చూశారు, చూసినదాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నారు. అదీ వాళ్ళ రహస్యం.

ఈనాటి ఇంటి విమానాలు

ఇప్పుడు కూడా అమెరికాలోను, యూరపు దేశాలలోను వేలమంది తమ విమానాలను తామే కట్టుకుంటున్నారు. వాళ్ళలో బడిపంతుళ్ళు, డాక్టర్లు, రైతులు, పింఛను పుచ్చుకునే ముసలివాళ్ళు అందరూ ఉన్నారు. 1953లో అటువంటివాళ్ళు అమెరికాలో ఒక సంఘం పెట్టుకున్నారు. ఏటా వేసవిలో ఆష్కోష్ అనే ఊళ్ళో వాళ్ళ తిరునాళ్ళు జరుగుతుంది. ఎవరి విమానం వాళ్ళు తోలుకుని వస్తారు!

2004లో అమెరికా ప్రభుత్వం 'తేలిక క్రీడా విమానాలు' అని ఒక తరగతిని ఏర్పాటు చేసింది. ఆ నియమాల ప్రకారం అటువంటి విమానంలో ఇద్దరికి మించి కూర్చోరాదు. మనుషులూ పెట్రోలూ కలిపి బరువు 600 కిలోలు దాటరాదు. నీళ్ళమీద దిగేవాటికి మాత్రం ఇంకొంచెం ఎక్కువ ఉండవచ్చు. 600 కిలోలంటే ఎంత? మన పాత అంబాసిడరు కారు ఒక్కటే ఇంచుమించు దానికి రెట్టింపు ఉంటుంది. 2025లో ఈ నియమాలను సడలించి ఇంకా పెద్ద విమానాలకు కూడా చోటిచ్చారు.

ఈ జాతి విమానాలలో ఆర్.వి.-12 అనేది బాగా పేరు పొందింది. దాని భాగాలు పెట్టెలలో ఇంటికి వస్తాయి. అల్యూమినియం రేకులు కత్తిరించి, బెజ్జాలు కొట్టి సిద్ధంగా ఉంటాయి. వాటిని పుస్తకంలో చూపినట్టు వరసగా జతచేసి, వేలకొద్దీ రివెట్లు బిగించుకుంటూ పోవాలి. ఆస్ట్రియా దేశంలో తయారయే 100 గుర్రాల బలంగల ఇంజను దానికి బిగిస్తారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. ఇటువంటి తేలిక విమానాన్నే కంపెనీ పూర్తిగా తయారుచేసి అమ్మితే, కొన్నవాడు కంపెనీ అనుమతి లేనిదే దానిలో మార్పు చెయ్యరాదు. కాని సగానికి మించిన పని తానే చేసి కట్టుకున్న విమానంలో కట్టినవాడు తన ఇష్టం వచ్చినట్టు మార్పులు చేసుకోవచ్చు. దాన్ని బాగుచేసుకునే హక్కు, ఏటేటా పరీక్ష చేసి "బాగున్నది" అని సంతకం పెట్టే హక్కు కూడా అతను సంపాదించుకోవచ్చు.

ఎంత స్వేచ్ఛ! కాని ఆ సంతకం పెట్టేవాడే రేపు దానిలో కూర్చుని ఆకాశంలోకి పోతాడు. పక్కన తన కొడుకునో కూతురినో కూర్చోబెట్టుకుంటాడు కూడా. దారిలో ఏదైనా ఊడితే రోడ్డు పక్కన ఆపుకోవడానికి సైకిలు కాదు గదా!

ఎగిరేముందు

అటువంటి ఒక మనిషి తెల్లవారుజామున కొట్టం తలుపు తీశాడనుకోండి. మనం కూడా వెనకాల నడుద్దాం.

మొదట అతను రెక్కల కిందికి వంగి, పెట్రోలు తొట్టి అడుగున ఉన్న చిన్న కొళాయినుంచి కాస్త పెట్రోలు గాజు గ్లాసులోకి పడతాడు. ఎందుకు? రాత్రి చలికి తొట్టిలో నీటిబొట్లు చేరి ఉండవచ్చు. నీరు పెట్రోలుకన్న బరువు గనక అడుగుకు దిగుతుంది. గ్లాసు అడుగున గుండ్రని బొట్టు కనిపించిందా, అది నీరన్నమాట. అది పూర్తిగా పోయేదాకా పట్టి తీసేస్తాడు.

తరవాత ఇంజనులో నూనె చూడాలి. ఈ ఇంజనుకు నూనె వేరే డబ్బాలో ఉంటుంది. విమానం నిలిచి ఉన్నప్పుడు కొంత నూనె ఇంజను కడుపులోకి జారిపోయి ఉంటుంది. అప్పుడు పుల్ల ముంచి చూస్తే అది అబద్ధం చెబుతుంది. అందుకని అతను ఇంజను తాళం కట్టి ఉన్నదని రెండుసార్లు చూసుకుని, ప్రొపెల్లరును అది తిరిగే వైపుకే చేత్తో మెల్లగా తిప్పుతాడు. కొన్ని చుట్లు తిరిగాక డబ్బాలోంచి 'బుడబుడ'మని శబ్దం వస్తుంది. పాలు తాగిన పసిపాపను భుజాన వేసుకుని వీపు తడితే త్రేన్చుతుంది చూడండి, అచ్చంగా అలాగే! ఇంజను త్రేన్చితే నూనె అంతా డబ్బాలోకి తిరిగి వచ్చిందని అర్థం. (బాలలూ, ఇది నేర్చినవాళ్ళు చేసే పని. నిలిచి ఉన్న ప్రొపెల్లరును కూడా మీరు ఎన్నడూ ముట్టుకోరాదు.)

ఆ తరవాత నట్లూ బోల్టులూ. ముఖ్యమైన ప్రతి నట్టును సరిగ్గా బిగించాక, నట్టు మీదినుంచి పక్క రేకు మీదికి ఒక రంగు గీత గీసి ఉంటాడు. గీత తిన్నగా ఉంటే నట్టు కదలలేదు. గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే నట్టు వదులవుతున్నది! చేత్తో తాకకుండానే కంటితో కనిపెట్టవచ్చు. కొన్ని బోల్టులకు సన్నని ఉక్కుతీగ మెలితిప్పి కడతారు. ఆ తీగను కట్టడంలో ఒక కిటుకు ఉన్నది: బోల్టు వదులవడానికి తిరగబోతే తీగ దాన్ని బిగిసే వైపుకే లాగుతుంది.

నూనె మార్చే రోజున అతను ఇంకొక చిత్రమైన పని చేస్తాడు. ఇంజనులో అయస్కాంతం ఉన్న ఒక బిరడా ఉంటుంది. దాన్ని విప్పి వెలుతురులో చూస్తాడు. మసిలాంటి పొడి కాస్త అంటుకుని ఉంటే ఫరవాలేదు. ఉక్కు పెచ్చులు, రవ్వలు కనిపిస్తే ఇంజను లోపల ఏదో అరిగిపోతున్నదన్నమాట. డాక్టరు నాలుక చూసి రోగం చెప్పినట్టు, ఇతను బిరడా చూసి ఇంజను సంగతి చెబుతాడు. పెట్రోలూ నూనే పారే రబ్బరు గొట్టాలను అయిదేళ్ళకు ఒకసారి తీసి కొత్తవి వేస్తాడు. "చూడడానికి బాగానే ఉన్నాయి గదా!" అని వదిలిపెట్టడు. రబ్బరుకు ముసలితనం లోపలినుంచి వస్తుంది.

ఇదంతా చేసి, తేదీ వేసి పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. ఇది విమానాన్ని ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవడం. శ్రమ ఉన్నది గాని, పుస్తకంలో చెప్పినట్టు చేస్తే చిక్కు లేదు. అసలు చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఉన్నదాన్ని మార్చాలని బుద్ధి పుట్టినప్పుడు!

అయిదు కిలోల పెట్టె

మన మనిషికి ఒక ఆలోచన వచ్చిందనుకోండి. "సామాను పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. తోక భాగమంతా బోలుగా ఉన్నది. అక్కడ ఒక చిన్న పెట్టె బిగిస్తే?" పెట్టె, సామాను కలిపి 5 కిలోలు. విమానం బరువు 340 కిలోలు. 340లో 5 ఎంత? ఏనుగు మీద పిల్లి కూర్చున్నట్టు!

తొందరపడకండి, లెక్క వేద్దాం. విమానానికి ముందు ఒక చక్రం, వెనక రెండు చక్రాలు ఉన్నాయి. వాటి మధ్య దూరం 1.3 మీటర్లు. చక్రాల కింద త్రాసులు పెట్టి తూచితే ముందు చక్రం మీద 80 కిలోలు, వెనక చక్రాల మీద 260 కిలోలు వచ్చాయి. బరువంతా ఒక్క చోటనే ఉన్నట్టు లెక్కకట్టగల బిందువు ఒకటి ఉంటుంది. దాన్ని గరిమనాభి అంటారు. అది వెనక చక్రాలకు ఎంత ముందు ఉన్నది? 80ని 1.3తో హెచ్చవేసి 340తో భాగించండి. సుమారు 31 సెంటీమీటర్లు.

ఇప్పుడు వెనక చక్రాలకు 3 మీటర్ల వెనక 5 కిలోల పెట్టె పెట్టాం. 80 × 1.3 అంటే 104. అందులోంచి 5 × 3, అంటే 15 తీసివెయ్యండి. మిగిలిన 89ని 345తో భాగించండి. సుమారు 26 సెంటీమీటర్లు వస్తుంది. అంటే గరిమనాభి దాదాపు 5 సెంటీమీటర్లు వెనక్కు జరిగింది!

ఇంత చిన్న విమానాలలో చాలావాటికి గరిమనాభి అటూ ఇటూ జరగడానికి జానెడు చోటైనా ఉండదు. ఆ చోటు దాటి వెనక్కు పోతే, వడ్లబస్తా వేసిన సైకిలుకు ముందు చక్రం తేలినట్టు విమానపు ముక్కు తేలిపోతుంది. పిల్లి చిన్నదే గాని తోక కొసన కూర్చున్నది! ఎంత బరువు అని మాత్రమే అడిగితే చాలదు, ఎంత దూరంలో అని కూడా అడగాలి.

ఇంకొక చిత్రం వినండి. తోకకూ రెక్కలకూ కీలుమీద ఊగే రేకులు ఉంటాయి. విమానాన్ని తిప్పేవి అవే. వాటికి అందంగా ఇంకొక పూత రంగు వేశారనుకోండి. రంగుకు బరువేమిటంటారా? ఉన్నది. ఆ బరువు ఎక్కువ భాగం కీలుకు వెనక వైపున చేరుతుంది. అప్పుడు విమానం వేగంగా పోయేటప్పుడు ఆ రేకు గాలికి జెండాలాగా కొట్టుకోవడం మొదలుపెట్టవచ్చు. అలా మొదలయిందంటే కొద్ది క్షణాలలోనే రేకు విరిగిపోయినా పోవచ్చు. అందుకని తెలిసినవాళ్ళు రంగు వేశాక రేకును విప్పి, కీలు మీద నిలబెట్టి, దాని తూకం సరిచూస్తారు.

ఆకాశపు పేను

ఇదంతా పెద్దల భయం అనుకుంటున్నారేమో! జరిగిన కథ ఒకటి చెబుతాను.

ఫ్రాన్సు దేశంలో హెన్రీ మిన్యే అనే ఆయన ఉండేవాడు. విమానం అనేది ధనవంతులకే గాక మామూలు మనిషికి కూడా అందాలని ఆయన కోరిక. 1933లో ఆయన ఒక బుల్లి విమానం కట్టి ఎగిరాడు. ముందొక రెక్క, దాని వెనకనే ఇంచుమించు దాన్ని తాకేటట్టు ఇంకొక రెక్క. చూడడానికి వింతగా ఉండేది. దానికి ఆయన పెట్టిన పేరు ఇంకా వింత: 'పూ ద్యు స్యెల్', అంటే 'ఆకాశపు పేను'! దాన్ని ఎలా కట్టాలో వివరంగా ఒక పుస్తకం కూడా రాశాడు.

1935 ఆగస్టులో మిన్యే ఆ పేను మీద ఇంగ్లీషు చానలు దాటి బ్రిటన్ వెళ్ళాడు. ఇంక చూసుకోండి! అక్కడ ఎక్కడ చూసినా కొట్టాలలో సుత్తుల మోతే. పుస్తకం చూసి కట్టేవాళ్ళు కడుతున్నారు. ఎవరికి దొరికిన ఇంజను వాళ్ళు తగిలించారు. కొందరు చిన్న కార్ల ఇంజన్లను కూడా మార్చి పెట్టారు.

కొద్ది కాలానికే ఘోరాలు మొదలయినాయి. బాగా ఎగురుతున్న విమానం ఉన్నట్టుండి ముక్కు కిందికి పెట్టి నిలువునా నేలమీద పడేది. మనుషులు చనిపోయారు. ఎందుకిలా జరుగుతున్నదో ఎవరికీ అంతుపట్టలేదు. 1936లో ఫ్రాన్సులోను, బ్రిటన్‌లోను శాస్త్రజ్ఞులు నిండు విమానాన్నే పెద్ద గాలి సొరంగంలో నిలబెట్టి, ఎదురుగా గాలి విసిరి పరీక్షించారు. అప్పుడు గుట్టు బయటపడింది.

ఆ విమానంలో ముక్కును ఎత్తాలంటే కర్రను వెనక్కు లాగాలి. అప్పుడు ముందు రెక్క వాలు మారి, ముక్కు లేస్తుంది. మామూలుగా బాగానే పనిచేసేది. కాని ముక్కు ఒక హద్దుకు మించి కిందికి వాలినప్పుడు కర్రను లాగితే, రెండు రెక్కల మధ్య ఉన్న ఇరుకు సందులోంచి గాలి జోరుగా దూసుకుపోయి వెనక రెక్కను కూడా ఎత్తేది. వెనక రెక్క లేస్తే తోక లేస్తుంది, ముక్కు ఇంకా కిందికి పోతుంది. పాపం, లోపల కూర్చున్నవాడు సరైన పనే చేస్తున్నాడు. ముక్కు ఎత్తాలని కర్ర లాగుతున్నాడు. లాగినకొద్దీ విమానం కిందికే పోతున్నది!

ముందు రెక్కను కదిపితే ముందు రెక్క పని మాత్రమే మారుతుందని అందరూ అనుకున్నారు. అది వెనక రెక్క పనిని కూడా మార్చింది. కొలతలు మార్చి, సందును సరిచేసి, వెనక రెక్క తీరు మార్చాక ఆ దోషం పోయింది. మిన్యే ఆ తరవాత కూడా కొత్త నమూనాలు గీశాడు. కాని తెలియకముందు పోయిన ప్రాణాలు తిరిగిరావు గదా!

చెయ్యి అందని కొళాయి

రెండో కథ ఇంకా చిన్న మార్పును గురించినది. బర్ట్ రూటన్ అనే అమెరికా ఇంజనీరు 'లాంగ్ ఈజీ' అనే చక్కని విమానాన్ని తయారుచేశాడు. 1979లో అది మొదట ఎగిరింది. దాని పటాలు చూసి ఎందరో ఇళ్ళలో కట్టుకున్నారు. దానికి రెండు పెట్రోలు తొట్లు. ఒకటి అయిపోతే రెండోదానికి మార్చడానికి ఒక కొళాయి ఉంటుంది. రూటన్ గీసిన పటంలో ఆ కొళాయి కూర్చున్నవాడి కాళ్ళ మధ్య, చేతికి అందే చోట ఉన్నది.

ఒకాయన తాను కట్టిన విమానంలో ఆ కొళాయిని నడిపేవాడి ఎడమ భుజం వెనకకు మార్చాడు. పెట్రోలు గొట్టాలు మనిషి కూర్చునే చోటికి రాకుండా ఉంటాయని ఆయన ఉద్దేశం. చూడండి, ఆయన కోరినదీ క్షేమమే! ఆ విమానం చేతులు మారి 1997లో జాన్ డెన్వర్ అనే ప్రసిద్ధ గాయకుడి దగ్గరకు వచ్చింది. ఆయన విమానాలు నడపడంలో ఎంతో అనుభవం ఉన్నవాడు. కాని ఈ విమానం ఆయనకు కొత్త.

1997 అక్టోబరు 12వ తేదీన కాలిఫోర్నియాలో సముద్రతీరాన ఆయన దానిలో ఎగరడానికి సిద్ధమయినాడు. కొళాయి పిడి గట్టిగా ఉన్నది, తిరగడం కష్టంగా ఉన్నది. పటకారు తగిలించి చూశారు గాని లాభం లేకపోయింది. పెట్రోలు ఎంత ఉన్నదో చూపే గొట్టాలు కూడా వెనకనే ఉన్నాయి. వాటిని చూడడానికి ఒక చిన్న అద్దం ఇచ్చారు. పెట్రోలు తక్కువగానే ఉన్నది. కాసేపే ఎగురుతాను గనక పొయ్యనక్కర లేదన్నాడు.

ఆ సాయంత్రం విమానం సముద్రంలో పడిపోయింది. ఆయన చనిపోయాడు. ప్రమాదాలను విచారించే ప్రభుత్వ సంస్థ అన్నీ పరీక్షించి చెప్పింది: ఆ కొళాయిని తిప్పాలంటే కుడిచేతితో పట్టుకున్న కర్రను వదిలి, వెనక్కు పూర్తిగా మళ్ళి, భుజం మీదుగా అందుకోవాలి. అలా మళ్ళేటప్పుడు ఆనుకోసం కుడికాలు తెలియకుండానే తొక్కుడుపలకను నొక్కుతుంది. విమానం పక్కకు తిరిగి అదుపు తప్పుతుంది. పెట్రోలు సరిగా చూసుకోకపోవడం, కొత్త విమానంతో పరిచయం చాలకపోవడం కూడా కారణాలేనని ఆ సంస్థ చెప్పింది.

ఇంజను బాగానే ఉన్నది. మారినది కొళాయి చోటు మాత్రమే. కాని కొళాయితోపాటు చెయ్యి పోవలసిన దారి మారింది, చెయ్యితోపాటు ఒళ్ళు తిరిగే తీరు మారింది, ఒంటితోపాటు కాలు కూడా కదిలింది!

తెలిసినవాళ్ళు ఏం చేస్తారు?

అయితే మార్పే చెయ్యరాదా? అలా అనుకుంటే రైట్ సోదరుల విమానం ఎగుడుదిగుడుగానే ఉండిపోయేది. మార్చవచ్చు. కాని మార్చేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఇది మారిస్తే, దీనితోపాటు ఇంకా ఏమేమి మారుతాయి?" బరువు మారుతుందా? తూకం మారుతుందా? గాలి పోయే దారి మారుతుందా? చెయ్యి అందుతుందా? కన్ను చూస్తుందా?

తరవాత, ఒకసారి ఒక్క మార్పే చెయ్యాలి. చేసినదాన్ని తేదీతో సహా పుస్తకంలో రాయాలి. రేపు ఆ విమానం ఎవరి చేతికి పోయినా ఆ పుస్తకం వాళ్ళకు సంగతి చెప్పాలి. విమానాన్ని మళ్ళీ తూచాలి. కట్టడం తెలిసిన ఇంకొకరిని పిలిచి చూపించాలి. తన తప్పు తన కంటికి కనపడదు గదా! చివరికి, ఒంటరిగా ఎగిరి చూడాలి. అమెరికాలో కొత్తగా కట్టిన ఇంటి విమానాన్ని సాధారణంగా 25 గంటలో 40 గంటలో ఒక హద్దులోనే పరీక్షగా ఎగరేస్తారు. ఆ రోజులలో సరదాకు ఎవరినీ ఎక్కించుకోరాదు. తరవాత పెద్ద మార్పు చేస్తే మళ్ళీ కనీసం 5 గంటలు పరీక్ష తప్పదు.

మీరూ చేసి చూడండి

పాత కాగితంతో ఒక విమానం మడవండి. ఒకే చోట నిలబడి, ఒకే తీరున అయిదుసార్లు విసరండి. ప్రతిసారీ ఎన్ని అడుగులు పోయిందో రాసుకోండి. ఇప్పుడు దాని ముక్కుకు ఒక జెమ్ క్లిప్పు పెట్టి మళ్ళీ అయిదుసార్లు విసరండి. తరవాత అదే క్లిప్పును నడుముకు, ఆ తరవాత తోకకు జరిపి చూడండి. తోకకు పెట్టినప్పుడు ముక్కు పైకెత్తి, ఆగిపోయి, దబ్బున పడుతుంది చూడండి. క్లిప్పు అదే, కాగితం అదే, చోటు మాత్రమే మారింది!

ఇప్పుడు క్లిప్పును జరపడం, రెక్క కొసను పైకి వంచడం రెండూ ఒక్కసారే చెయ్యండి. విమానం బాగా ఎగిరినా, పాడుగా ఎగిరినా, అది దేనివల్ల జరిగిందో చెప్పగలరా? చెప్పలేరు! ఒకసారి ఒక్క మార్పే ఎందుకు చెయ్యాలో ఎవరూ చెప్పకుండానే మీకు తెలిసిపోతుంది.

పెద్దలకు ఒక మాట: పిల్లలు సైకిలు విప్పితే కోప్పడకండి. పక్కన కూర్చుని, "ఇది మారిస్తే ఇంకా ఏం మారుతుంది నాయనా?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి. చేతికి ఒక పుస్తకం, పెన్సిలు ఇవ్వండి.

బాలలూ, ఈసారి మీ సైకిలుకు ఏదైనా బిగించేటప్పుడు మీరు కూడా ఆ ప్రశ్న వేసుకోండి. చెల్లాయిని వెనక కూర్చోబెట్టుకునే ముందు ఒంటరిగా ఒక చుట్టు తొక్కి చూడండి. విమానం కట్టేవాళ్ళు చేసేదీ అదే.